మొక్కల తోట వెనక దారి

యూనివర్సిటీ తోట అవతలి వీధి,
పుస్తకాల షాపు పైన గది

అక్కా,

క్షేమంగా చేరాను. బల్లి అరిచినా తిరుగు రైలెక్కేస్తానని బావతో పందెం కాశావట కదా, ఓడిపోయావు. ఆ పందెమేదో నాకే పంపించు, మంచి చెప్పులు కొనుక్కుంటాను.

ఊరు ఎంత బాగుందో నీకు చెప్పడం నాకు చేతకాదు. గట్టిగా మాట్లాడే మనిషి ఇంతవరకూ ఎదురవలేదు. కూరగాయలమ్మేవాడు కూడా "దయచేసి పక్కకి జరుగుతారా" అంటాడు. మంగలి షాపుకెళ్తే చరిత్ర పాఠం వినకుండా బయటపడలేరట. ఇళ్ళకి తాళాలు వెయ్యరు. సైకిళ్ళు గోడకి ఆనించి వదిలేసి పోతారు, సాయంత్రానికి అక్కడే ఉంటాయి. పిల్లల్ని చదువుకి పంపేవాళ్ళు కళ్ళు మూసుకుని పంపే ఊరు ఇదేనని రైల్లో పక్కనావిడ చెప్పింది. నిజమే అనిపిస్తోంది.

నా గది చిన్నదే, కానీ వీధి వైపు పెద్ద కిటికీ ఉంది. కింద షాపు ఇంటివాళ్ళది. ఆయన రిటైరైన లెక్చరరు, పుస్తకంలోంచి తలెత్తడు. ఆవిడ మాత్రం నేను మెట్లు దిగితే చాలు, తిన్నావా, నిద్ర పట్టిందా అని కన్నతల్లిలా అడుగుతుంది. వాళ్ళకి ఒక కూతురుందట, నేనింకా చూడలేదు.

వైద్యశాలలో పని తేలికే. పరీక్షల జ్వరాలు, ఆటల్లో బెణికిన కాళ్ళు, రాత్రంతా చదివి తెచ్చుకున్న తలనొప్పులు. పెద్ద డాక్టరు మెత్తని మనిషి. నాకు ముందున్న నర్సు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట. ఇక్కడ పేరున్న మొక్కల తోట ఒకటుంది, ఎక్కడెక్కడి వాళ్ళో చూడ్డానికి వస్తారు. దాన్ని పెంచి పెద్దచేసిన ముసలాయన్ని అందరూ తోట పెద్దాయన అంటారు. నేను చేరిన రోజే గొడుగు పట్టుకుని వచ్చి, "కొత్త నర్సమ్మకి" అని ఓ పూలకుండీ ఇచ్చి వెళ్ళాడు. కిటికీలో పెట్టుకున్నాను.

వైద్యశాలనుంచి ఆ తోట వెనకగా నా గదికి అడ్డదారి ఉంది. కానీ ఇంటావిడ వద్దంది, బురదట, జారిపడతానట. చూశావా, ఎంత శ్రద్ధో! నేను చుట్టూ తిరిగే వస్తున్నాను. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క చినుకు పడలేదు, దుమ్ముకి గొంతు పట్టేసింది. అదొక్కటే లోటు.

బావ కంటి ఆపరేషన్ ఎప్పుడో రాయి.

నీ చెల్లి


కుట్టు షాపు,
పనెక్కువైన మధ్యాహ్నం

ఉడుతకి,

నీ ఉత్తరం మీ బావకి పైకి చదివి వినిపించాను. "మన ఉడుత చెట్టు దిగిందే!" అని మురిసిపోయాడు. పందెం లేదు, గిందెం లేదు. ఆ మాట నేనన్నట్టు సాక్ష్యం ఎవరు?

ఇంతకీ అసలు కబురు. మా మొండి కూతురు మొక్కల చదువే చదువుతుందట, అదీ నువ్వున్న యూనివర్సిటీలోనేనట. ఆ తోట గురించి ఎక్కడో చదివింది. అప్పట్నుంచీ ఇంట్లో అదే జపం. నేను వద్దంటే తిండి మానేస్తుంది, సరేనంటే మీ బావ దిగులుపడతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాబట్టి ఆ ఊరు ఆడపిల్లకి ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు రాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అక్కడ నోళ్ళు మంచివని రాశావు. నోళ్ళ సంగతి సరే, ఊరి సంగతి చెప్పు.

ఇంకో మాట. బట్ట కత్తిరించే చెయ్యి నాది, కుట్టు తప్పితే నా కంటికి ఇట్టే ఆనుతుంది. తోట వెనక బురద అన్నావు. ఆ కిందనే చినుకు పడలేదన్నావు. చినుకు పడని ఊళ్ళో బురద ఎక్కడిదే?

ఏ గొట్టమో పగిలి ఉంటుందిలే. అయినా కనుక్కో.

మీ బావ ఆపరేషన్ వచ్చే నెలలో. షాపులో కుర్రదాన్ని పెట్టుకున్నాను, గుండీ కుట్టమంటే గుండీ మింగేసినట్టు మొహం పెడుతుంది.

అక్క


వైద్యశాల, మందుల గది

అక్కా,

నీ బురద ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ముందు నవ్వుకున్నాను. తరవాత ఊరికే అందర్నీ అడిగి చూశాను.

ఇస్త్రీ చేసేవాణ్ణి అడిగితే, "అటెందుకమ్మా, కుక్కలుంటాయి" అన్నాడు. టీ దుకాణంలో అడిగితే తేనెపట్టు పట్టిందన్నారు. మా పెద్ద డాక్టరు, "గోడ పడేట్టుంది, మరమ్మతు చేయిస్తున్నారు" అన్నాడు. ఇంటావిడని మళ్ళీ అడిగాను. ఈసారి బురద అనలేదు. "చుట్టూ తిరిగి రావడం ఆరోగ్యం తల్లీ" అంది. అందరూ నవ్వుతూనే చెప్పారు. అందరూ చెప్పాక నా మొహం కేసి ఓ క్షణం చూశారు, నాకు అర్థమైందా లేదా అన్నట్టు.

మొన్న పట్టపగలు ఆ దారి మొదట్లో నిలబడి చూశాను. బురద లేదు, కుక్కలు లేవు. గోడ రాయిలా ఉంది. ఒక పక్క గోడ, ఒక పక్క మొక్కలు పెంచే అద్దాల ఇంటి వీపు, మధ్యన ఎండుటాకులు. ఎందుకో కాళ్ళు ముందుకి పడలేదు. వెనక్కి తిరిగేసరికి టీ దుకాణం ముందు నిలబడ్డవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. నేను చూడగానే గ్లాసుల్లోకి చూసుకున్నారు.

ఇంకొకటి రాయనా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను, బావకి చదవకు. నిన్న మొక్కల చదువు చదివే అమ్మాయి ఒకతి వచ్చింది. మణికట్టు వాచి ఉంది. మెట్ల మీంచి పడ్డానంది. మెట్ల మీంచి పడితే చేతి మీద వేళ్ళ గుర్తులు పడతాయా అక్కా? కట్టు కడుతూ, "ఎవరు పట్టుకున్నారు?" అని మెల్లగా అడిగాను. ఆ పిల్ల తలుపు కేసి చూసింది. తలుపులో పెద్ద డాక్టరు నిలబడి ఉన్నాడు. "మెట్లు జాగ్రత్తగా దిగాలమ్మా" అన్నాడు ఆ పిల్లతో. అది వెళ్ళాక నా వైపు తిరిగి, "మీరు కొత్త కదా. చిన్న ఊరు. పిల్లల్ని ప్రశ్నలతో బెదరగొట్టకూడదు" అన్నాడు. అంత మెత్తని గొంతుతో అన్నాడు. నేను కత్తెర ట్రేలో పెట్టేశాను.

మన మొండిదాన్ని ఈ ఏడాదికి ఆగమని చెప్పు. కారణం నా పేరు మీద పెట్టెయ్, గది దొరకలేదని చెప్పు.

నీ చెల్లి


కుట్టు షాపు

ఒసే పిచ్చిదానా,

మూటాముల్లే సర్దుకుని వచ్చెయ్. ఉద్యోగం పోతే పోయింది. ఇక్కడ గుండీలు కుట్టుకుని బతుకుదాం.

రాలేనంటే మాత్రం నాకు సూటిగా చెప్పు, ఎవరు వాడు? ఊరందరూ తలో అబద్ధం చెబుతున్నారంటే ఊరందరికీ తెలిసిన నిజం ఒకటుందన్నమాట. నీ ఒక్కదానికే తెలియలేదు. తెలియనివాళ్ళకే కదా ప్రమాదం!

గది దొరకలేదని మా మొండిదానికి చెప్పాను. "పిన్ని గదిలో మంచం కింద పడుకుంటా" అంది. సీటు వచ్చినట్టు కాగితం కూడా వచ్చేసింది. నేను నీ ఉత్తరం సంగతి చెప్పలేను, చెప్పకుండా ఆపలేను. మీ బావ కళ్ళకి కట్టు కట్టారు, ఆయన్ని వదిలి నేను కదల్లేను. "మన ఉడుత ఏం రాసిందే?" అని అడిగితే ఊరు బాగుందట అని చెప్పాను. కళ్ళు కనిపించని మనిషికి అబద్ధం చెప్పడం ఎంత సులువో చెప్పాక తెలిసింది.

తలుపు గడియ పెట్టుకో. ఉత్తరం ఆలస్యం చెయ్యకు.

అక్క


పుస్తకాల షాపు పైన గది,
కిటికీ మూసి

అక్కా,

తెలిసింది. ఇంటావిడ చెప్పింది. నేను అడిగి అడిగి చంపితే నిన్న పైకి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ చివర కూర్చుంది.

"తోట పెద్దాయన" అంది.

నాకు నవ్వొచ్చింది ముందు. గొడుగు పట్టుకుని అందరికీ తలవంచి పలకరించే ఆ ముసలాయనా? "ఆయనా?" అన్నాను.

"మెల్లగా. కింద మనుషులున్నారు" అంది. తరవాత గుక్కతిప్పుకోకుండా చెప్పింది. అద్దాల ఇంటి వెనక తలుపు ఆ దారిలోకే ఉందట. పొద్దు వాలాక ఒంటరిగా వచ్చే ఆడపిల్లల్ని, అరుదైన పువ్వు పూసింది చూద్దువు రా అని లోపలికి పిలుస్తాడట. రానన్నవాళ్ళని చెయ్యి పట్టి లాక్కుపోతాడట.

"మరి ఎవరూ ఏమీ అనరా?"

"ఆయన మహా పండితుడమ్మా. ఆయన వల్లే ఈ ఊరి పేరు దేశదేశాలకి తెలిసింది. ఒక్క దారి మానుకుంటే పోయేదానికి ఊరి పరువు తీసుకుంటామా? ఇన్నేళ్ళుగా అలాగే సర్దుకుంటున్నాం."

"తెలియక వెళ్ళినవాళ్ళ సంగతేంటి?"

"అందుకే కదా అందరం చెబుతూ ఉంటాం. నీకు చెప్పలేదూ?" అంది, నిజంగానే నొచ్చుకుంటూ.

నాకు ముందున్న నర్సు ఒకసారి పెద్దలందరి ముందూ ఈ మాట ఎత్తిందట. మర్నాటినుంచి వైద్యశాలలో ఆమె దగ్గరికి ఎవరూ రాలేదట. ఆమె గది ఖాళీ చెయ్యమన్నారట. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. పలకరించడం మానేశారంతే. "పెళ్ళి చేసుకుని వెళ్ళిందన్నారు కదా?" అన్నాను. "అలా అనుకున్నాం అందరం" అంది.

ఆ మాట అన్న తీరు నువ్వు వినాలి అక్కా. అందరూ కూర్చుని, అలా అనుకుందామని అనుకున్నారు!

వెళ్ళబోతుంటే అడిగాను, "మీ అమ్మాయి ఎక్కడుంటుంది? ఎప్పుడూ రాదేం?" అని. ఆవిడ బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. చాలాసేపు తుడిచింది. "దూరంగా ఉంటుంది. ఈ ఊరు రాదు" అంది.  

పొద్దున కిటికీ తెరిస్తే ఆయన ఎదురు గట్టు మీద నిలబడి ఉన్నాడు. గొడుగు ఎత్తి పలకరించాడు. "నర్సమ్మా, మొక్క కులాసానా? కిటికీ తెరిచే ఉంచండి, దానికి గాలి తగలాలి" అన్నాడు. వీధిలో అందరూ విన్నారు. ఎంత ఆప్యాయంగా అన్నాడో! నేను తలూపాను. తలూపానక్కా.  ఆ కుండీని మెట్ల కిందకి చేర్చాను, అయినా గదిలో ఎవరో ఉన్నట్టే ఉంది.

మన పిల్లని మాత్రం పంపకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. నెల గడవగానే రాజీనామా ఇచ్చి నేనే వచ్చేస్తాను.

నీ చెల్లి


ఇంట్లో, వంటగది గడప మీద

ఉడుతా,

మొండిది బయల్దేరింది. నేను షాపులో ఉండగా పెట్టె సర్దుకుని, తండ్రి కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని, రైలెక్కేసింది. "నాన్నా, అమ్మకి నువ్వే చెప్పు" అందట. ఆయన కట్టు కళ్ళతో, నవ్వుతూ, నాకు చెప్పాడు. ఊరు బాగుందట అని ఆయనకి చెప్పింది నేనే కదా! దాన్ని ఏ మొహంతో తిట్టను?

ఈ ఉత్తరం కంటే అదే ముందు చేరుతుందేమో. చెయ్యి వదలకు. దానికి అంతా చెప్పు. నువ్వు చెబితే వింటుంది.

నా ప్రాణం నీ దగ్గరికి వస్తోందే.

అక్క


వైద్యశాల, రోగుల గది, మంచం పక్కన

అక్కా,

ముందు ఈ మాట చదువు: పిల్ల బాగుంది. నా ఎదురుగా పడుకుని ఉంది. మణికట్టు కమిలింది, మోచెయ్యి గీరుకుంది. ఇంకేమీ కాలేదు. ఇంకేమీ కాకముందే నేను చేరాను. ఈ మాట నమ్మి, ఊపిరి పీల్చుకుని, మిగతాది చదువు. తరవాత నన్ను ఏమన్నా పడతాను.

నీ ఉత్తరం కంటే ముందే వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే సందడి. "పిన్నీ, ఆ తోట చూశావా, ఆ అద్దాల ఇల్లు చూశావా" అని. కళ్ళు దీపాల్లా వెలుగుతున్నాయి. దానికి చెప్పాలి. పొద్దున చెబుదామనుకున్నాను, సాయంత్రానికి వాయిదా వేశాను. సాయంత్రం నోటిదాకా వచ్చింది. అది వచ్చిందే ఆ తోట కోసం. ఆ తోట పెద్దాయన ఎలాంటివాడో నా నోటితో చెప్పడానికి సిగ్గేసింది. విని అది గొడవకి పోతే? మమ్మల్నిద్దర్నీ ఊరు వెలివేస్తే? నీళ్ళు నమిలాను. చివరికి, "తోట వెనక దారిన వెళ్ళకే, బురద" అన్నాను.

నేనే అన్నానక్కా. ఇంటావిడ గొంతుతో, అదే నవ్వుతో అన్నాను.

దాని సంగతి నీకు తెలియనిదా? నిన్న క్లాసు అయ్యాక వెళ్ళి చూసింది. బురద లేదు. పిన్నికి చాదస్తం అనుకుని అదే దారిన బయల్దేరింది.

నేను మందులు సర్దుతున్నాను. చేతికి కట్టు కట్టిన ఆ అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "మీ అమ్మాయి అటు వెళ్ళింది. చెబుదామని వచ్చాను" అంది, నేల చూస్తూ. చేతిలో సీసా ఏమైందో తెలియదు. పరిగెత్తాను. టీ దుకాణం ముందునుంచే పరిగెత్తాను. ఒక్కడూ "ఏమైందమ్మా?" అనలేదు. నేను ఎటు పోతున్నానో చూసి అందరూ తలలు దించుకున్నారు.

దారిలో ఎవరూ లేరు. అద్దాల ఇంటి వెనక తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపలనుంచి మన పిల్ల గొంతు, "వదలండి! వదలండి అంటుంటే!" అని. ఆయన గొంతు కూడా వినిపించింది, మెల్లగా, ముద్దుగా, "చూడు తల్లీ, పువ్వు నలిగిపోతుంది" అని.

అరుద్దామని నోరు తెరిచాను.  కలలో అరిచినట్టు గాలి వచ్చింది అంతే. గోడ వారన ఖాళీ కుండీలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటెత్తి అద్దం మీదకి విసిరాను. ఆ చప్పుడు, అక్కా! ఈ ఊళ్ళో అంత చప్పుడు ఎప్పుడూ అయ్యుండదు. ఇంకొకటి విసిరాను. ఇంకొకటి. లోపల పెనుగులాట ఆగిపోయినా విసురుతూనే ఉన్నాను. అరవలేని దాన్ని కదా, ఆ కుండీలతోనే అరిచాను.

గడియ తీసి మన పిల్ల బయటపడింది. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. వచ్చి నా మీద పడింది. వెనకాలే ఆయన వచ్చాడు. కోటు మీద గాజుముక్కలు దులుపుకుంటూ, నొచ్చుకున్నట్టు చూసి, "నర్సమ్మా, చాలా అరుదైన మొక్కలవి" అన్నాడు.

అప్పటికి జనం పోగయ్యారు. టీ దుకాణం వాళ్ళు, ఇస్త్రీవాడు, క్లాసులు వదిలి వస్తున్న మేష్టర్లు, చివరికి మా పెద్ద డాక్టరు. పిల్ల చొక్కా చిరిగి ఉంది, ఏడుస్తోంది. వాళ్ళు అడిగిన మొదటి మాట ఏంటో తెలుసా? "అద్దాలు ఎవరు పగలగొట్టారు?"

అప్పుడు వచ్చింది నా గొంతు. "నేనే" అన్నాను. "ఇక్కడ బురద లేదు. మీ కుక్కలు లేవు. తేనెపట్టు లేదు. ఈ మనిషి ఉన్నాడు. ఉన్నాడని మీ అందరికీ తెలుసు" అన్నాను.   పెద్ద డాక్టరు ముందుకొచ్చి, "మీకు ఒంట్లో బాగున్నట్టు లేదు. రేపు మాట్లాడుకుందాం" అన్నాడు. జనం దారి ఇచ్చారు. మమ్మల్ని తాకకూడదన్నట్టు, బాగా వెడల్పుగా ఇచ్చారు.

పిల్ల నిద్రలో ఉలిక్కిపడుతోంది. తలుపుకి మంచం అడ్డం పెట్టి కూర్చున్నాను.

నీ చెల్లి


కుట్టు షాపు

నర్సుగారికి,

నా కూతురికి బురద అని చెప్పినావిడని ఏమని పిలవాలో తెలియక ఇలా రాస్తున్నాను.

అంతా చెప్పమన్నాను. నీకు నోరు ఎందుకిచ్చాడే దేవుడు? ఊళ్ళోవాళ్ళు నీకేమీ కారు, వాళ్ళు చెప్పలేదంటే వాళ్ళ పాపాన పోతారు. నువ్వు దాని పిన్నివి. అది పుట్టినప్పుడు నాకంటే ముందు నువ్వెత్తుకున్నావు.

నీ ఉత్తరం చదివి ఖరీదైన బట్ట ఒకటి అడ్డంగా కత్తిరించేశాను. మీ బావకి అంతా చెప్పాల్సి వచ్చింది. ఆయన పడక మీద లేచి కూర్చున్నాడు. తరవాత, "అద్దం పగలగొట్టింది మన ఉడుతేనా? నిజంగానా?" అన్నాడు. కట్టు కింద కన్ను తడవకూడదన్నారు డాక్టర్లు. తడిసింది.

వెంటనే తిరిగి రమ్మని పిల్లకి విడిగా రాశాను. రానంది. "పిన్నిని ఒక్కదాన్నీ వదిలి రాను. వస్తే, పెళ్ళి చేసుకుని వెళ్ళాననుకుంటారు" అని జవాబు రాసింది. ఆ మాటకి అర్థం నాకు బాగా తెలుసు. నీ ఉత్తరాల్లో చదివినదాన్నే కదా.

నీ మీద కోపం చల్లారలేదు. చల్లారుతుందో లేదో కూడా తెలియదు. మీ బావ కట్టు విప్పిన రోజే రైలెక్కుతాను. వచ్చి ముందు నిన్ను చెడామడా తిట్టి, తరవాత ఊరి పని పడతాను. అందాకా ఆ డాక్టరు క్షమాపణ రాసిమ్మంటే రాసివ్వకు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

ఇద్దరూ తింటున్నారా?

అక్క


పుస్తకాల షాపు పైన గది

అక్కా,

నువ్వు తిట్టినవన్నీ ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. ఒక్కటీ ఎక్కువ కాదు. వచ్చి మిగతావి తిట్టు, నీ కోసం ఎదురు చూస్తున్నాను.

నువ్వన్నట్టే జరిగింది. అద్దాలకి క్షమాపణ చెప్పమన్నాడు పెద్ద డాక్టరు. చెప్పనన్నాను. మర్నాటినుంచి మొదలైంది. ఇస్త్రీవాడు బట్టలు నలిగినవి నలిగినట్టే వెనక్కిచ్చాడు. వైద్యశాలలో నా బల్ల ముందు వరస లేదు. పిల్ల క్లాసులో కూర్చుంటే ఆ బల్ల మీదున్నవాళ్ళు లేచి వెనక్కి పోయారట. "నాకు కాళ్ళు చాపుకోడానికి చోటు దొరికింది పిన్నీ" అంది ఇంటికొచ్చి. తరవాత స్నానాలగదిలో నీళ్ళు వదిలి ఏడ్చింది. ఇంటావిడ నా మొహం చూడకుండా, నెలాఖరుకి గది కావాలంది. 

పోలీసులకి రాసిచ్చాము. వాళ్ళు తీసుకున్నారు, చూద్దామన్నారు. తరవాత యూనివర్సిటీ పెద్దలు విచారణకి పిలిచారు. పొడుగాటి బల్లకి అవతల వాళ్ళందరూ, ఒక చివర ఆయన, గొడుగు మోకాళ్ళ మధ్య. ఇవతల నేనూ, పిల్లా. "మీ మాటకి సాక్ష్యం ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. వీధి వీధంతా చూసింది. ఎవరూ రాలేదు.  ఈ గదిలోంచి బయటికి వెళ్ళాక మమ్మల్ని మనుషుల్లా చూసేవాళ్ళు ఉండరని అర్థమైపోయింది.

అప్పుడు తలుపు తోసుకుని ఇంటావిడ వచ్చింది. షాపులో ఉండే ముతక చీరతోనే వచ్చింది. వెనకాల ఇంటాయన, మొదటిసారి చేతిలో పుస్తకం లేకుండా. ఆవిడ బల్ల దాకా వచ్చి, తోట పెద్దాయన కేసి కాక, మిగతావాళ్ళ కేసి చూసింది.

"మీరందరూ మా షాపులో పుస్తకాలు కొన్నవాళ్ళే. మా అమ్మాయి ఏదని ఒక్కరూ అడగలేదు. అడగరని నాకు తెలుసు, ఎందుకు రాదో మీకు తెలుసు కాబట్టి. నేనే చెబుతాను ఇప్పుడు" అంది. చెప్పింది. చెబుతున్నంతసేపూ బల్ల అంచు పట్టుకునే ఉంది. మధ్యలో ఎవరో, "అమ్మా, ఆ వివరాలు అవసరమా?" అన్నారు. ఇంటాయన తలెత్తి, "అవసరం. నేను ఇన్నాళ్ళూ విననిది, మీరూ వినండి" అన్నాడు. తరవాత చేతికి కట్టున్న అమ్మాయి వచ్చింది. కట్టు విప్పి, అది మెట్ల మీంచి పడ్డ దెబ్బ కాదని చెప్పింది.

తోట పెద్దాయన్ని ఆ సాయంత్రమే పోలీసులు తీసుకెళ్ళారు. ఊరి పత్రికలో మాత్రం, అనారోగ్య కారణాల వల్ల తోట బాధ్యతలనుంచి విశ్రాంతి తీసుకున్నారని వేశారు. వెయ్యనీ. గది మాత్రం ఖాళీ చెయ్యక్కర్లేదంది ఇంటావిడ. కూతురికి ఉత్తరం రాసుకుంటోంది, మొదటి వాక్యం దాటలేక కాగితాలు చించుతోంది.

అంతా అయిపోయిందని అనుకోకు. మాకు ఎవరూ మంచి చేశావనలేదు. పెద్ద డాక్టరు నాతో మాట్లాడ్డం మానేశాడు. వీధిలో వెనక ఎవరైనా నడిస్తే ఇప్పటికీ ఆగి, వాళ్ళని ముందుకి పోనిస్తాను. నిన్న సెలవు రోజు. మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బరువుగా, ఆగి ఆగి. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవరది?" అన్నాను.  కత్తెర చేతిలోకి తీసుకుని తలుపు ఓరగా తీశాను.

తల నెరిసిన ఒకావిడ నిలబడి ఉంది. లెక్కలు చెబుతుందట, రిటైరయ్యే వయసు. మెట్లెక్కి ఆయాసపడుతోంది. లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది. "నేను చదువుకునే రోజుల్లో అక్కడ అద్దాల ఇల్లు కూడా లేదమ్మా. ఒట్టి గోడే. ఆయన అప్పుడే కొత్తగా చేరాడు" అంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదట. భర్తకి కూడా.

ఆవిడ చెబుతుండగానే ఇంకొకతి వచ్చింది. తరవాత ఇస్త్రీవాడి భార్య. తరవాత ఎవరో తల్లీ కూతుళ్ళు, ఇద్దరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు. గదిలో చోటు చాలక మెట్ల మీద కూర్చున్నారు. పిల్ల నీళ్ళ గ్లాసులు అందిస్తూ పైకీ కిందకీ తిరిగింది. కింద షాపు కట్టేసి ఇంటావిడ కూడా వచ్చి వాళ్ళ మధ్యన కూర్చుంది. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇంతమందా అక్కా? ఇంత చిన్న ఊళ్ళో, ఇంత మంచి ఊళ్ళో, ఇంతమందా?

ఈ రోజు కూడా పొద్దుటినుంచీ వస్తూనే ఉన్నారు. నువ్వు త్వరగా రా. వినడానికి ఇంకో మనిషి కావాలి. ఇక్కడితో ఆపుతాను, మెట్ల మీద మళ్ళీ ఎవరో ఆగి నిలబడ్డారు. తట్టడానికి ధైర్యం చాలడం లేదనుకుంటాను. వెళ్ళి తలుపు తీస్తాను.

నీ చెల్లి